కొంగుముడి లాంటి దిబ్బ: లక్షద్వీప్‌లో వేట, వాన, వేడి

(మా గ్రంథాలయంలో నెలనెలా జరిగే ఉపన్యాసాల్లో ఈసారి మాట్లాడినవారు లక్షద్వీప్ పగడపు దిబ్బల మీద చాలా ఏళ్ళు తిరిగిన మత్స్య శాస్త్రవేత్త. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వేట నిషేధం నడుస్తోంది, రేవులో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి, అందుకే ముందు రెండు వరసల్లో మన వేటగాళ్ళు కూర్చున్నారు. లేకపోతే ఈపాటికి మీరు సముద్రం మీద ఉండేవారు, నేను ఖాళీ కుర్చీలకి చెప్పుకునేవాణ్ణి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఈ లెక్క మీకు నేను చెప్పాలా? చెప్పక్కర్లేదు. కానీ ఒక మాట అడుగుతాను. ఇంకొద్ది రోజుల్లో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినాలన్నారు పెద్దలు. సముద్రం మూసేసిన రోజుల్లో చేప తినమంటారేంటండీ? అప్పట్లో నిషేధం లేదనుకోండి. అయినా నాకు అనుమానం, ఆ మాట పుట్టించినవాళ్ళు చెరువు గట్టున ఉండేవాళ్ళయి ఉంటారు.

కార్తె మాట ఊరికే ఎత్తలేదు. మాల్దీవుల జాలర్లకి కూడా కార్తెలున్నాయి. వాళ్ళు 'నకై' అంటారు. ఏడాదికి ఇరవై ఏడు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. పేర్లు వినండి. అస్సిద. కెతి. రోను. మియహెలి. అద. ఏమైనా తగిలిందా? అశ్విని, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర! వాళ్ళ మియహెలి కూడా జూన్ మొదటి వారంలోనే మొదలవుతుంది. మన దగ్గర ఏ కార్తెలో ఏ విత్తనం చల్లాలో చెప్పినట్టు, అక్కడ ఏ నకైలో గాలి ఎటు తిరుగుతుందో, సముద్రం ఎప్పుడు లేస్తుందో, ఏ చేప ఎప్పుడు పడుతుందో చెబుతారు. ఆ మాల్దీవుల భాషనే కాస్త తేడాతో మన దేశంలో ఒక్క చోట మాట్లాడతారు. అది మినికాయ్. లక్షద్వీప్‌లో దక్షిణపు కొసన ఉంటుంది. ఇవాళ నేను చెప్పేదంతా ఆ లక్షద్వీప్ గురించే.

పేరులో లక్ష ఉంది గాని, దీవులు 36 అని లెక్క. అందులోనూ 'బంగారం' అనే పేరున్న దీవి దగ్గర పరళి అని ఒక చిన్న తిన్నె ఉండేది, అది మొత్తం కోసుకుపోయిందని 2017లో తేల్చారు. జనం ఉండేవి 10 దీవులు. 2011 లెక్కల ప్రకారం జనాభా 64 వేల పైచిలుకు. నేలంతా కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. మరి లగూన్లు? 4,200 చదరపు కిలోమీటర్లు. నేల కన్నా నూరు రెట్లు ఎక్కువ నీళ్ళన్నమాట. వాళ్ళకి పొలం ఎక్కడుందో ఇప్పుడు మీకే తెలిసిపోయింది.

లగూన్ అంటే ఏంటో పిల్లలకి చెప్పాలి. అంచు పైకి లేచిన కంచం ఒకటి ఊహించుకోండి. దాన్ని సముద్రంలో మునిగీ మునగనట్టు పెట్టండి. ఆ అంచే పగడపు దిబ్బ. కంచం లోపలున్న లోతు తక్కువ నీళ్ళు లగూన్. తూర్పు అంచు మీద ఇసుక, పగడపు పొడి పేరుకుని, కొబ్బరి మొలిచి, ఊరైంది. చాలా దీవులు ఇలాగే, ఊరు తూర్పున, లగూన్ పడమరన. నైరుతి గాలి వచ్చేది ఎటునుంచి? పడమటి నుంచి. అంటే అల వచ్చి ముందు దిబ్బ అంచుని కొడుతుంది, అక్కడే విరిగిపోతుంది. లోపల నీళ్ళు మాత్రం కాస్త కుదురుగా ఉంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

ఇప్పుడు వాళ్ళ ఏడాది ఎలా నడుస్తుందో చూద్దాం. గోదావరి జిల్లాల వాళ్ళకి సీజన్ గురించి చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే. ఎర్రనీరు వచ్చిందంటే పులస, ఎర్రనీరు తీసిందంటే పులస లేదు. అక్కడ ఏడాది రెండు ముక్కలు. సెప్టెంబరు, అక్టోబరు నుంచి మే దాకా సూర చేప. అదే, ట్యూనా. పొట్ట మీద పొడుగు చారలుంటాయే, ఆ స్కిప్‌జాక్ రకం. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన. వానాకాలంలో సూర వేట లేదు.

సూర వేట ఎలా చేస్తారో కాస్త వివరంగా చెబుతాను. ఇది మన దగ్గర లేదు, పైగా నాకు చెప్పడం సరదా. తెల్లారే వేళకి బోటు ముందు లగూన్‌లోకే వెళుతుంది, బయటికి కాదు. ఎందుకు? ఎర కోసం. చచ్చిన ఎర పనికిరాదు. బతికున్న చిన్న చేపలు కావాలి, వేలెడంత కూడా ఉండవు. లోతు తక్కువ చోట వల పరిచి, మనుషులు నీళ్ళలోకి దూకి, చేపల్ని దాని మీదికి తోలి, చటుక్కున పైకి లేపుతారు. వాటిని బోటు మధ్యలో ఉన్న తొట్లో వదులుతారు. ఆ తొట్టికి అడుగున కన్నాలుంటాయి, సముద్రపు నీళ్ళు వస్తూ పోతూ ఉంటాయి. బోటుకి కన్నాలు పెట్టుకుని తిరిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళున్నారు. వేట నిలిచేది ఆ కన్నాల వల్లనే, ఎర చస్తే ఆ రోజు వేట లేదు మరి.

ఆ తర్వాత దిబ్బ దాటి బయటికి. పక్షులు గుంపుగా ఎక్కడ వాలుతున్నాయో చూసి అక్కడికి పోతారు. గుప్పెళ్ళతో బతికున్న ఎర చల్లుతారు, నీళ్ళు చిమ్ముతారు. నీళ్ళు ఎందుకు? చిన్న చేపల గుంపు పైన ఎగురుతున్నట్టు కనబడాలి, పైగా గాలం దారం కనబడకూడదు. సూర చేపలకి పిచ్చెక్కుతుంది. అప్పుడు వెదురు గెడలు దించుతారు. గాలానికి ఎర ఉండదు, ముల్లు కూడా ఉండదు. చేప కరిచిందా, ఒక్క ఊపున భుజం మీదుగా వెనక్కి విసరడమే. అది గాల్లోనే గాలం వదిలేసి బోటులో పడుతుంది. పది మంది వరసగా నిలబడి ఇలా విసురుతుంటే చూడాలి, బోటు అడుగంతా చేపల చప్పుడుతో డప్పు కొట్టినట్టుంటుంది. ఆ చేపని ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి 'మాస్' చేస్తారు. చెక్క ముక్కలా గట్టిగా ఉంటుంది. పులుసులో రెండు పలుకులు పడితే ఇల్లంతా తెలుస్తుంది.

ఇందులో వల లాగి అడుగు గీకడం లేదు, పక్క చేపలు పడి చావడం లేదు. గాలానికి ఒక చేప, అంతే. పెద్ద చేప బయట నడి సముద్రంలోది. దిబ్బది ఏం పోయింది? ఎర ఒక్కటే. అదీ ఇప్పటికి గుర్తుపెట్టుకోండి.

జూన్ వస్తుంది. బోట్లని ఒడ్డుకి లాగి కొబ్బరి చెట్ల కింద పెడతారు. కొచ్చి నుంచి వచ్చే ఓడలు కూడా సరిగా రావు. కూరగాయలుండవు. మరి తిండి? అప్పుడు లగూన్, దిబ్బ. బయట అల ఎంత లేచినా లోపల కాస్త కుదురుగా ఉంటుందని చెప్పాను కదా. చిన్న పడవ మీద చేతి గాలం, విసురు వల. ఆటు తీసినప్పుడు మోకాలి లోతు నీళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు నడుచుకుంటూ వెళ్ళి ఇనప ఊచతో బొరియల్లోంచి ఆక్టోపస్‌ని పొడుస్తారు. చిలుక చేపలు, రాతి చేపలు, గవ్వలు. అమ్మడానికి కాదండీ, వండుకోవడానికి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కొంగున ఒక ముడి వేసుకుంటారు చూశారా, పది రూపాయలో ఇరవై రూపాయలో. రోజూ విప్పరు. చేతిలో ఏమీ లేని రోజున విప్పుతారు. ఆ దీవులకి దిబ్బ అలాంటి కొంగుముడి. మూడు నెలలు విప్పుకునేవారు, తొమ్మిది నెలలు దాని జోలికి పెద్దగా పోయేవారు కాదు.

గవ్వల మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. మనం 'చిల్లిగవ్వ లేదు' అంటాం. బెంగాలులో గవ్వ నిజంగానే చిల్లర డబ్బుగా చెలామణీ అయ్యేది. ఆ గవ్వలు ఎక్కువగా వచ్చింది మాల్దీవుల నుంచి. 1602లో పిరార్ అని ఒక ఫ్రెంచివాడు అక్కడ ఓడ పగిలి చిక్కుకుపోయి, ఐదేళ్ళు ఉన్నాడు. వాళ్ళు గవ్వల్ని ఎప్పుడు ఏరేవారో రాశాడు. నెలకి రెండుసార్లు, అమావాస్యకి ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు, అలాగే పున్నానికి. అంటే దిబ్బ మీద ఒక క్యాలెండరు కాదు, రెండు నడుస్తాయి. ఒకటి గాలిది, ఒకటి చంద్రుడిది. మన డబ్బు లేనితనానికి పెట్టుకున్న పేరు కూడా ఎక్కడో ఒక దిబ్బ మీద ఆటు తీసిన వేళ ఏరిన గవ్వదే.

సరే, మళ్ళీ దారిలోకి వద్దాం. ఇంత సీజన్ గోల ఎందుకు చెప్పానో ఇప్పుడు చెబుతాను. ఒక దిబ్బ మీద చేపలు తగ్గాయా, పెరిగాయా అని ఎలా చెబుతాం? లెక్కపెట్టి. ఎప్పుడు లెక్కపెట్టి? చిక్కు అక్కడుంది. ఒక ఏడాది ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర పులసల్ని లెక్కపెట్టాననుకోండి. ఇంకో ఏడాది మార్చిలో వచ్చి లెక్కపెట్టి, 'పులస అంతరించింది' అని పేపర్లో రాశాననుకోండి. నన్నేం చేస్తారు? గోదావరిలో ముంచుతారు, న్యాయమే. కానీ ప్రపంచంలో చాలా దిబ్బల మీద జరిగింది ఇంచుమించు ఇదే. మాలాంటివాళ్ళం సముద్రం కుదురుగా ఉన్న నెలల్లో వెళతాం, నాలుగు రోజులు మునుగుతాం, వచ్చేస్తాం. వానాకాలంలో ఏం జరిగిందో తెలియదు, ఎందుకంటే ఆ నెలల్లో మేమెవరం అక్కడ లేము. వేట ఎక్కువగా దిబ్బ మీద జరిగేది ఆ నెలల్లోనేనాయె!

ఇంకో పక్క, జాలరి జ్ఞాపకం. దాన్ని నేను చాలా గౌరవిస్తాను, కానీ అదీ తూకమే, దానికీ రాళ్ళు అరుగుతాయి. డేనియల్ పాలీ అనే చేపల శాస్త్రవేత్త 1995లో ఒక చిన్న వ్యాసంలో చెప్పాడు. ప్రతి తరమూ తాను కళ్ళు తెరిచేటప్పటికి ఉన్న సముద్రాన్నే అసలైన సముద్రం అనుకుంటుంది. తాత చూసిన చేప మనవడికి కట్టుకథ. మీరే చెప్పండి, మీ నాన్నగారు చెప్పిన చేప సైజు మీరు నమ్మారా? నమ్మలేదు కదా.

అందుకని నేను లెక్క ఇంకో రకంగా వేస్తాను. ఎన్ని చేపలు అని కాకుండా, ఏ నెలలో ఏ చేప అని అడుగుతాను. లక్షద్వీప్‌లో ఇన్నేళ్ళలో వచ్చిన పెద్ద మార్పు నాకు అక్కడే కనబడింది. కొంగుముడి ఎప్పుడు విప్పుతున్నారు అన్న దగ్గర.

కాస్త వెనక్కి వెళదాం. గెడలతో సూర పట్టే పద్ధతి మినికాయ్‌లో తాతల నాటిది. మిగతా దీవుల్లో లేదు. 1960ల్లో మత్స్యశాఖ మర బోట్లు ఇచ్చి, శిక్షణ ఇచ్చి మిగతా దీవులకి నేర్పింది. అగత్తి వాళ్ళు బాగా అందిపుచ్చుకున్నారు. ఒక ప్రభుత్వ పథకం దిబ్బని కాపాడింది. అదీ, కాపాడాలనే ఉద్దేశమే లేకుండా! వాళ్ళ ఉద్దేశం చేపల దిగుబడి పెంచడం. కానీ వేటంతా బయటి సముద్రానికి మళ్ళింది, దిబ్బకి విశ్రాంతి దొరికింది. ప్రపంచంలో చాలా పగడపు దీవులకి ఈ అదృష్టం పట్టలేదు.

పట్టని చోటు ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ. పడమరన సముద్రానికి అవతలి ఒడ్డున, ఆఫ్రికాలో, కెన్యా. మన నైరుతి గాలికి చుట్టమే అక్కడి గాలి కూడా. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా దక్షిణపు గాలిని 'కుసి' అంటారు, సముద్రం లేస్తుంది, జాలర్లు దిబ్బ లోపలే వేటాడతారు. నవంబరు నుంచి మార్చి దాకా 'కస్కాజి', సముద్రం కుదురు, చేప బాగా పడుతుంది, బయటికీ పోతారు. కానీ చిన్న పడవలు, బుట్ట ఉచ్చులు, ఒడ్డు నుంచి లాగే వలలు. అంతా కలిపి ఏడాది పొడుగునా దిబ్బ మీదే. ట్రిగ్గర్ చేప అని ఒకటుంటుంది, సముద్రపు ముళ్ళకాయల్ని, అంటే ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి ప్రాణుల్ని, పగలగొట్టుకుని తింటుంది. ఆ చేపని పట్టేశారు. ముళ్ళకాయలు పెరిగిపోయాయి. అవి దిబ్బని గీకి గీకి తినేశాయి. 1968లోనే మలిండి, వటాము దగ్గర వేట లేని సముద్ర పార్కులు పెట్టారు కాబట్టి పక్కపక్కనే పోల్చి చూడటం కుదిరింది. లేకపోతే ముళ్ళకాయలున్న దిబ్బే అసలు దిబ్బ అనుకునేవాళ్ళం.

లక్షద్వీప్‌కి చేపల వేట వల్ల రాని దెబ్బ వేడి వల్ల వచ్చింది. 1998. ఎల్ నినో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి లోకమంతా వాతావరణం తలకిందులయ్యే ఏడాది. పగడం ఒక జీవి, దాని ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది, తిండి పెట్టేది ఆ నాచే. ఎండాకాలపు మామూలు వేడి కన్నా నీళ్ళు ఒక డిగ్రీ ఎక్కువై, అలా కొన్ని వారాలు నిలిచిపోతే పగడం ఆ నాచుని బయటికి గెంటేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. అది చావు కాదు, పస్తు. త్వరగా చల్లబడితే బతుకుతుంది, లేకపోతే పోతుంది.

మరి చల్లబరిచేది ఎవరు? వాన! అక్కడ నీళ్ళు బాగా వేడెక్కేది ఏప్రిల్, మే నెలల్లో. జూన్‌లో మబ్బు పడుతుంది, గాలి నీళ్ళని కలియబెడుతుంది, కింద చల్లనీళ్ళు పైకొస్తాయి. మన రైతు మృగశిర కోసం ఆకాశం వంక చూసినట్టే పగడం కూడా చూస్తుంది. వానకి ముందు వచ్చే ఆ వారాలు దానికి గండం. ఇంకో విచిత్రం. 1998 తర్వాత కోలుకున్నది ఎక్కడో తెలుసా? అల గట్టిగా కొట్టే పడమటి వైపు. అక్కడ బల్లల్లా పరుచుకునే పగడం చకచకా పెరిగింది. నెమ్మదిగా ఉండే తూర్పు వైపు బాగా వెనకపడింది. పడవని భయపెట్టే గాలే పగడాన్ని బతికించింది.

కానీ అలా చకచకా పెరిగే పగడానికి ఒక లోపం ఉంది, వేడికి ముందు పోయేది అదే. 2010లో మళ్ళీ వేడి. 2016లో మళ్ళీ. 2024లో మళ్ళీ, ఆ ఏడు ప్రపంచమంతా. లెక్కపెట్టండి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య 12 ఏళ్ళు. తర్వాత 6. తర్వాత 8. అగత్తి, కద్మత్, కవరత్తి దీవుల్లో 1998 నుంచి లెక్కలు కట్టినవాళ్ళున్నారు. దిబ్బ మీద బతికున్న పగడం అప్పట్లో నూటికి 37 పాళ్ళు. 2022కి 19. ఇందులో ఒక మెలిక ఉంది, వినండి. ఒక్కో వేడికి చచ్చే పగడం పాలు తగ్గుతూ వచ్చింది. ఆహా, గట్టిపడుతోందే అనుకుంటాం కదా? చావాల్సిన మెతక రకాలు ముందే చచ్చాయి, మిగిలినవి మొండివి. మొండివి నెమ్మదిగా పెరుగుతాయి. అందుకని కోలుకునే వేగం కూడా తగ్గింది. కనీసం ఆరేళ్ళు వేడి తగలకుండా వదిలితే గాని లేవలేవట. ఎవరు వదులుతారు?

ఇప్పుడు ఎర దగ్గరికి రండి. గుర్తుపెట్టుకోమన్నాను. ఎర చేపల్లో కొన్ని ఇసుక మీద తిరిగేవి, కొన్ని కొమ్మల పగడంలో కాపురముండేవి. నీలంగా మెరిసే చిన్న చేప ఒకటుంది, మినికాయ్‌లో నీలమహి అంటారు. ఆ నీలం మన నీలమే. అది కొమ్మల పగడం లేకపోతే బతకలేదు. పగడం పోతే నీలమహి పోయింది. నీలమహి తగ్గితే ఎర తగ్గింది. బయట సముద్రంలో సూర ఉన్నా, లోపల ఎర లేక బోటు కదలని రోజులొచ్చాయి. నడి సముద్రపు వేటకి తాళంచెవి మోకాలి లోతు నీళ్ళలో ఉందన్నమాట.

దీనికి తోడు తాబేళ్ళ గొడవ. ఈ కథ చెబితే జంతుప్రేమికులు నా మీదికి వస్తారు, అయినా చెబుతాను. పూర్వం అక్కడ తాబేటి నూనె పడవలకి పూసేవారు. 1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చాక తాబేలుని ముట్టుకోవడం లేదు. మంచిదే. 2000 తర్వాత అగత్తి లగూన్‌లో పచ్చ తాబేళ్ళు గుంపులు గుంపులుగా చేరాయి. లగూన్ అడుగున సముద్రపు గడ్డి ఉంటుంది, మన పశువులకి పచ్చిక ఉన్నట్టు. అవి మేశాయి. మేసి, మేసి, నేల దాకా మేశాయి. ఆ గడ్డిలోనే చిన్న చేపలు దాక్కునేది, పెరిగేది. జాలర్లు మొత్తుకున్నారు, 'తాబేళ్ళు మా చేపల్ని పోగొడుతున్నాయి' అని. చదువుకున్నవాళ్ళు నవ్వారు, తాబేలు చేపని తినదు కదా అని. తీరా కొలిచి చూస్తే జాలర్ల మాటే నిజం, గడ్డి పోయిన చోట చేపలు తగ్గాయి. ఒక లగూన్ అయిపోయాక తాబేళ్ళు ఇంకో దీవికి పోయాయి, అక్కడా అంతే. తాబేలుని తినే పెద్ద సొరలు తగ్గిపోవడం కూడా దీనికొక కారణమంటారు. తప్పు తాబేలుదా? ఏమో, నేను తీర్పు చెప్పలేను. చట్టం ఒక్క ప్రాణిని కాపాడింది, గడ్డి సంగతి ఎవరూ చట్టంలో రాయలేదు.

సరే, చివరి మార్పు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది. గ్రూపర్ చేప. మీకు తెలిసిందే, పెద్ద నోరు, బొరియలో కాపు కాస్తుంది. అక్కడ బిట్రా అని ఒక దీవి ఉంది. జనం ఉన్న దీవుల్లో అతి చిన్నది. 2011లో జనాభా 271 మంది. ఊరు అరగంటలో చుట్టేయొచ్చు, లగూన్ మాత్రం మహా పెద్దది. చలికాలపు నెలల్లో, అమావాస్య చుట్టూ, ఆ దిబ్బ దగ్గర ఒక రకం గ్రూపర్లు ఒక్కచోట చేరతాయి. గుడ్లు పెట్టడానికి. ఏడాదంతా ఒంటరిగా ఒక్కో బొరియలో ఉండే చేప ఆ నాలుగు రోజులు తిరునాళ్ళకి వచ్చినట్టు వస్తుంది. రుచా కర్కరే అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్ళు అక్కడ చూసి రాశారు, ప్రపంచంలో ఇంకెక్కడా ఇంత దట్టంగా చేరడం అరుదని. ఈ చేపలకి ఏళ్ళ తరబడి కూలిపోకుండా నిలిచిన దిబ్బ కావాలి. అలాంటి దిబ్బలు తగ్గుతున్నాయని ఇందాకే చెప్పాను.

పూర్వం ఆ చేపలు ఎందుకు బతికాయి? ఆ నెలల్లో జాలరి ఎక్కడున్నాడు? బయట, సూర వేటలో! దిబ్బ వంక చూసే తీరిక లేదు. వానాకాలంలో దిబ్బ మీదికొచ్చేసరికి గ్రూపర్లు ఎవరి బొరియకి అవి పోయాయి. ఎవరూ నియమం పెట్టలేదు, గాలే పెట్టింది. ఇప్పుడు ఐసు వచ్చింది. ఫ్రీజరు వచ్చింది. దిబ్బ చేపకి బయటి ఊళ్ళలో ధర వచ్చింది. ఎర దొరక్క సూర వేట తప్పిన రోజున బోటు ఊరికే ఉంటుందా? డీజిలు అప్పు ఊరుకుంటుందా? గత పది పదిహేనేళ్ళుగా జనవరిలోనూ దిబ్బ మీద గాలం వేస్తున్నారు. పట్టిన చేప మొత్తం తూకం వేసి ఏడాదికి ఇంత అని రాసుకుంటే ఇదేమీ కనబడదు. ఏ నెలలో పట్టారు అని రాస్తేనే కనబడుతుంది.

నేను మొదట్లో వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో దిగాను. వంటింట్లో దండెం మీద ఎండబెట్టిన ఆక్టోపస్‌లు వేలాడుతుండేవి, వానకని. మొన్న వెళ్ళినప్పుడు అదే ఇంట్లో దండెం లేదు, ఫ్రీజరు ఉంది. అందులో గ్రూపర్లు, అమ్మడానికి. వానాకాలంలో ఏం తింటున్నారమ్మా అని అడిగాను. కొచ్చి నుంచి ఐసులో పెట్టిన కోడి వస్తుందండీ అన్నారు. ఓడ వస్తే.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. అడగండి.

బాబాయ్ అడుగుతున్నారు, మరి అక్కడ నిషేధం లేదా అని. ఉంది బాబాయ్. పడమటి తీరానికి జూన్ 1 నుంచి జూలై 31 దాకా, లక్షద్వీప్ కూడా అందులోనే. కానీ ఆలోచించండి. ఆ నెలల్లో అక్కడ సముద్రం తనంతట తనే మూసేసి ఉంటుంది. తాళం వేసిన ఇంటికి ఇంకో తాళం. గ్రూపర్ గుడ్లు పెట్టేది చలికాలం అమావాస్యకి. ఆ రోజుల్లో ఏ తాళమూ లేదు. ఈ తేదీలు ప్రధాన భూభాగం ట్రాలర్లని మనసులో పెట్టుకుని వేసినవి, దిబ్బ క్యాలెండరు చూసి వేసినవి కావు.

తమ్ముడు అడుగుతున్నాడు, కొన్నాళ్ళు ఆపితే తిరిగి వస్తాయా అని. చేపని బట్టి ఉంటుంది నాయనా. ఆక్టోపస్ ఏడాది, ఏడాదిన్నర బతుకుతుంది, గబగబా పెరుగుతుంది. మడగాస్కర్‌లో 2004లో ఒక ఊరివాళ్ళు దిబ్బలో కొంత భాగం కొన్ని నెలలు మూసి తెరిచారు, పెద్ద పెద్దవి దొరికాయి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ అదే పద్ధతి పట్టుకున్నాయి. గ్రూపర్‌కి నెలలు చాలవు, ఏళ్ళు కావాలి. కాకపోతే గ్రూపర్ విషయంలో మూయాల్సిన చోటు చిన్నది, మూయాల్సిన రోజులు కొద్ది. ఎక్కడ, ఎప్పుడు అనేది ఆ ఊరి జాలర్లకి తెలుసు. మనకన్నా ముందే తెలుసు.

అమ్మా, మీరు అడిగింది, మనవాళ్ళకేం సంబంధం అని. మనకి ఇక్కడ అలాంటి దిబ్బలు లేవు గాని, మనవాళ్ళకి సంబంధం ఉంది. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్, అదే ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, దాని దగ్గర జంగ్లీఘాట్ వెళ్ళండి. తెలుగే వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళిన జాలరి కుటుంబాలు. వాళ్ళు వేటాడేది పగడపు దిబ్బల చుట్టూనే. అక్కడి గ్రూపర్లు కూడా ఐసు పెట్టెల్లో చెన్నై మీదుగా బయటి దేశాలకి పోతాయి. 2010లో అక్కడా పగడం బాగా తెల్లబారింది. ఇందాక ఈయన, రెండో వరసలో ఆయనే, తన అన్నగారు జంగ్లీఘాట్‌లో ఉన్నారని చెప్పారు. వాళ్ళని అడిగి పెట్టండి, గ్రూపర్ గుడ్డుతో ఏ నెలలో పడుతోందని. నా ఫోను నంబరు నిర్వాహకుల దగ్గర ఉంది.